నీళ్లు ఎటు పోయాయి, డబ్బు ఎటు పోయింది: వైరల్ విరాళాల ఛాలెంజ్‌ల మీద తల్లిదండ్రుల అనుమానం ఎంతవరకు సబబు?

"నన్ను నామినేట్ చేశారు, రేపు ఈపాటికల్లా వీడియో పెట్టాలి" అని బడికెళ్లే పిల్లలు వచ్చి చెబితే, పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట దాదాపు ఒక్కటే: నెత్తిన నీళ్లు పోసుకుంటే ఎవరి రోగం తగ్గుతుంది?

2014లో ఒక నరాల జబ్బు కోసం విరాళాలు పోగుచేస్తూ ఐసు నీళ్లు నెత్తిన పోసుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్ ఊపందుకున్నప్పుడు లక్షల ఇళ్లలో ఈ ప్రశ్న వినబడింది. 2025 వసంతంలో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం విద్యార్థులు అదే ఛాలెంజ్‌ను యువత మానసిక ఆరోగ్యం కోసం మళ్లీ మొదలుపెట్టారు. యాక్టివ్ మైండ్స్ అనే సంస్థకు నాలుగు లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి, పాత ప్రశ్న కూడా తిరిగొచ్చింది. ఈసారి దానికి జవాబు వెతకడం తేలిక. 2014 నాటి డబ్బు ఎక్కడికి చేరింది, దాంతో ఏం సాధ్యమైంది, ఏం కాలేదు అన్నది పదేళ్లకు పైబడిన రికార్డుగా మన ముందుంది. ఆ రికార్డు చూశాక తల్లిదండ్రులు తమ పాత అభిప్రాయాన్ని కొంత సవరించుకోవచ్చు. అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు. అది బకెట్ మీద పడింది, పడాల్సింది డబ్బు నడిచే దారి మీద.

ఛాలెంజ్ అంటే మూడు వేర్వేరు పనులు

బయటికి ఒకటే ఆటలా కనిపించినా ఇందులో మూడు పనులున్నాయి. మొదటిది ప్రదర్శన: ఐసు నీళ్లు నెత్తిన పోసుకోవడం, దాన్ని వీడియో తీయడం. రెండోది నామినేషన్: మామూలుగా ముగ్గురి పేర్లు చెప్పి, ఇరవై నాలుగు గంటల గడువు పెట్టడం. మూడోది విరాళం. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి ముడి ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. నీళ్లు పోసుకుని పైసా ఇవ్వనివారున్నారు. నీళ్ల జోలికి పోకుండా వంద డాలర్లు ఇచ్చినవారూ ఉన్నారు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బాగా ప్రచారమైన నియమం ప్రకారం గడువులోపు నీళ్లైనా పోసుకోవాలి, లేదా వంద డాలర్లైనా ఇవ్వాలి. అంటే నీళ్లు పోసుకోవడం విరాళం తప్పించుకునే మార్గం! విమర్శకులు వెంటనే పట్టుకున్నది దీన్నే. ఆచరణలో మాత్రం నీళ్లు పోసుకుని పది డాలర్లు, పోసుకోకపోతే వంద డాలర్లు అన్న రూపం వాడుకలోకి వచ్చింది. రెండూ చేసినవాళ్లూ బోలెడుమంది.

ఇంతకీ డబ్బు ఏ జబ్బు కోసం? ఏఎల్‌ఎస్, అంటే అమ్యోట్రోఫిక్ లాటరల్ స్క్లెరోసిస్. మెదడులో, వెన్నుపాములో ఉండి కండరాలను కదిలించే మోటార్ న్యూరాన్లు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. ముందు చేయో కాలో పట్టు తప్పుతుంది, తర్వాత మాట, మింగడం, చివరికి ఊపిరి. జబ్బు బయటపడ్డాక ఎక్కువమంది రెండు నుంచి ఐదేళ్లే బతుకుతారు. 1963లో ఇరవై ఒకటో ఏట జబ్బు బయటపడిన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 2018 దాకా బతకడం చాలా అరుదైన సంగతి. 1995లో అమెరికాలో అనుమతి పొందిన రిలుజోల్ ఆయుష్షును కొన్ని నెలలు పొడిగించే మందు మాత్రమే. 2014 నాటికి దాదాపు రెండు దశాబ్దాలుగా అదొక్కటే దిక్కు.

ఇంకొక అపోహ: ఈ ఛాలెంజ్‌ను ఏఎల్‌ఎస్ అసోసియేషన్ అనే అమెరికా సంస్థ ప్రచారం కోసం పుట్టించిందని. కాదు. చల్లటి నీళ్ల పందేలు అంతకుముందే రకరకాల సంస్థల పేరుమీద నడుస్తున్నాయి. 2014 జులైలో ఫ్లోరిడాకు చెందిన గోల్ఫ్ ఆటగాడు క్రిస్ కెనడీ దాన్ని ఏఎల్‌ఎస్ వైపు తిప్పాడు. బంధువుల్లో ఒకరికి ఆ జబ్బు ఉండటమే కారణం. అక్కణ్నుంచి అది న్యూయార్క్ రాష్ట్రంలోని ప్యాట్ క్విన్‌కు, బోస్టన్ కాలేజీ మాజీ బేస్‌బాల్ ఆటగాడు పీట్ ఫ్రేట్స్‌కు చేరింది. ఇద్దరూ ఏఎల్‌ఎస్ రోగులే, ఇద్దరికీ పెద్ద స్నేహబృందాలున్నాయి. వాళ్ల చేతుల్లోకి వచ్చాకే అది మంటలా పాకింది. ఫ్రేట్స్ 2019లో, క్విన్ 2020లో చనిపోయారు. సంస్థ చేసింది ఒక తప్పటడుగు: ఆ ఆగస్టులో ఛాలెంజ్ పేరును ట్రేడ్‌మార్క్ చేసుకోవడానికి దరఖాస్తు పెట్టింది, జనం విరుచుకుపడటంతో రోజుల్లోనే వెనక్కి తీసుకుంది.

ముగ్గురి పేర్లు చెప్పడంలో ఉన్న లెక్క

వ్యాప్తికి అసలు యంత్రం నామినేషనే. ఒకరు ముగ్గురిని పిలిస్తే, ఆ ముగ్గురూ రోజులోపు పూర్తిచేసి తలా ముగ్గురిని పిలిస్తే, మూడోరోజుకు 27 మంది, పదోరోజుకు 59,049 మంది, పదిహేనోరోజుకు 1,43,48,907 మంది. కాగితం మీద రెండు వారాల్లో ఒక పెద్ద దేశాన్ని చుట్టేయవచ్చు.

నిజంలో అందరూ ఒప్పుకోరు. పిలిచిన ముగ్గురిలో సగటున ఎంతమంది చేస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నూటికి 40 మంది చేస్తే ఒక్కొక్కరి నుంచి సగటున 1.2 మంది పుడతారు. అప్పుడు రోజుకు ఐదోవంతు చొప్పున పెరిగి, నాలుగు రోజులకోసారి రెట్టింపవుతుంది. అదే నూటికి 30 మందే చేస్తే 0.9 మంది, అంటే పాల్గొనేవారి సంఖ్య రోజురోజుకూ తగ్గుతుంది. ఒప్పుకునే శాతం పది పడిపోతే చాలు, ఉప్పెన కాస్తా ఆరిపోతుంది. అంటువ్యాధుల లెక్క కూడా ఇదే.

ఆ శాతం పడిపోవడం ఎలాగూ తప్పదు. కొన్నాళ్లకు ఒకే స్నేహబృందంలో ఎవర్ని పిలిచినా "నేను ఎప్పుడో చేసేశాను" అంటారు. అందుకే ఇలాంటివి వారాల్లో ముగుస్తాయి, మళ్లీ అదే ఊపు రాదు. ఏఎల్‌ఎస్ అసోసియేషన్ 2015 ఆగస్టులో మళ్లీ ప్రయత్నిస్తే అంతకుముందు ఏడాది వచ్చినదానిలో నూరోవంతు కూడా రాలేదు. పిల్లలు ఇలాంటి దాని గురించి ఊపిరాడనంత తొందర పెడుతున్నారంటే, దాని ఆయుష్షు నిజంగానే అంత తక్కువ.

ఎంత పోగైంది, ఒక్కో వీడియోకు ఎంత పడింది

2014 జులై చివరి నుంచి ఆగస్టు చివరి వరకు నెల రోజుల్లో ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు 10.09 కోట్ల డాలర్లు వచ్చాయి. ముందు ఏడాది ఇదే నెలలో వచ్చినవి 28 లక్షలు. మొత్తం ఎనిమిది వారాల్లో 11.5 కోట్ల డాలర్లు. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి సంస్థలన్నిటికీ కలిపి 22 కోట్ల డాలర్ల వరకు అని అంచనా.

ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం 2014 జూన్ నుంచి ఆగస్టు వరకు మూడు నెలల్లో 1.7 కోట్లకు పైగా వీడియోలు పెట్టారు, 44 కోట్ల మంది చూశారు. భాగించి చూస్తే ఒక్కో వీడియోకు సుమారు 13 డాలర్లు. చూసిన ఒక్కొక్కరికి అర డాలరు. ఇది ముతక లెక్కే, వీడియో పెట్టినవారూ డబ్బిచ్చినవారూ ఒకరే కానక్కర్లేదు. అయినా రెండు సంగతులు దీంట్లో కనబడతాయి. వీడియోకు పది డాలర్లు అన్న మాట సగటున నిజంగానే చెల్లింది. అదే సమయంలో, చూసినవారిలో అత్యధికులు ఏమీ ఇవ్వలేదు. "అందరూ ఊరికే షోకు చేస్తున్నారు" అనే తల్లిదండ్రుల మాటలో సగం నిజం. మిగతా సగం ఎందుకు నిజం కాదంటే, ఏమీ ఇవ్వని ఆ కోట్లమంది కళ్లే ఇచ్చేవాళ్ల దాకా వీడియోను మోసుకెళ్లాయి.

"పరిశోధనకు 27 శాతమే పోతుంది": ఒక పుకారు పుట్టిన తీరు

ఆ ఆగస్టులోనే ఇంకో పోస్టు చక్కర్లు కొట్టింది. వచ్చిన డబ్బులో 27 శాతమే పరిశోధనకు వెళ్తుంది, మిగతా 73 శాతం జీతాలకు, విందులకు అన్నది దాని సారాంశం. చాలామంది పెద్దవాళ్లు ఇవ్వకపోవడానికి ఇదే కారణం చెప్పారు. దీన్ని విప్పి చూడటం ఉపయోగం, ఎందుకంటే ప్రతి వైరల్ ఛాలెంజ్ వెనకా ఇలాంటి పోస్టు ఒకటి వస్తుంది.

2014 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఆ సంస్థ ఖర్చులు ఇవి: పరిశోధన 28 శాతం, రోగులకూ కుటుంబాలకూ సేవలు 19 శాతం, ప్రజలకూ వైద్యులకూ అవగాహన 32 శాతం, నిధుల సేకరణ 14 శాతం, పాలనా ఖర్చులు 7 శాతం. పుకారు చేసిన పనల్లా పరిశోధన ఒక్కదాన్నే "అసలు పని" అని లెక్కేసి, మిగిలినదంతా వృథా ఖాతాలో వేయడం. రోగికి చక్రాల కుర్చీ అద్దెకివ్వడం, మాట పడిపోయినవారికి మాట్లాడే యంత్రం సమకూర్చడం కూడా అందులో "వృథా"యే. నిజంగా సంస్థ తన మనుగడకు పెట్టుకున్నది 14కు 7 కలిపి 21 శాతం.

అది తక్కువా ఎక్కువా అన్నది వేరే చర్చ. అవగాహన పద్దు 32 శాతం ఉండటం మీద నిజాయితీగా ప్రశ్నించవచ్చు. కొన్ని సంస్థలు ప్రచార కరపత్రాలను కూడా ఆ పద్దులో రాసుకుంటాయి, ఆ గీత ఎక్కడ గీయాలన్నది లెక్కల నిపుణుల మధ్యే తెగని గొడవ. కానీ ప్రశ్న వేయడం వేరు, 73 శాతం తినేశారనడం వేరు. ఈ అంకెలన్నీ రహస్యం కూడా కావు. అమెరికాలో పన్ను మినహాయింపున్న సంస్థలు ఏటా దాఖలు చేసే ఫారం 990లో ఖర్చుల పద్దులూ పై ఉద్యోగుల జీతాలూ ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు.

ఇక ఛాలెంజ్‌లో వచ్చిన 11.5 కోట్ల సంగతి. సంస్థ ప్రకటించిన పంపకంలో పరిశోధనకు 7.7 కోట్లు, అంటే 67 శాతం. రోగుల సేవలకు 2.3 కోట్లు, అవగాహనకు కోటి, నిధుల సేకరణకు 30 లక్షలు, కార్డు చెల్లింపుల రుసుములకు సుమారు 20 లక్షలు. పరిశోధన వాటా 28 నుంచి 67కు పెరగడానికి కారణం చిత్రమైనదేమీ కాదు. ఆఫీసు అద్దె, సిబ్బంది జీతాలు అప్పటికే గడిచిపోతున్నాయి. పైన వచ్చిపడిన డబ్బుకు కొత్తగా అంత పాలనా ఖర్చు అక్కర్లేదు.

చిన్న విరాళం దగ్గర రుసుము ఎందుకు కొరుకుతుంది

కార్డు రుసుముల 20 లక్షల మాట చాలామంది కంటపడదు. పిల్లలు ఇచ్చే చిన్న మొత్తాల దగ్గర అదే అసలు సంగతి. అమెరికాలో స్ట్రైప్ లాంటి చెల్లింపు సేవల మామూలు ధర ప్రతి లావాదేవీకి 2.9 శాతం, పైన 30 సెంట్లు. వంద డాలర్లిస్తే 3.20 పోతాయి. ఐదు డాలర్లిస్తే పోయేది 44.5 సెంట్లు, దాదాపు 9 శాతం. పదిమంది పిల్లలు విడివిడిగా ఐదేసి ఇస్తే మొత్తం రుసుము 4.45 డాలర్లు. అదే యాభై ఒకచోట పోగుచేసి ఒకేసారి పంపితే 1.75. స్వచ్ఛంద సంస్థలకు కొన్ని సేవలు రాయితీ ఇస్తాయి, అంకెలు మారవచ్చు. కానీ ఆ స్థిరమైన 30 సెంట్ల దెబ్బ చిన్న మొత్తం మీదే ఎక్కువ.

ఆ డబ్బుతో ఏమైంది: ఒక జన్యువు, ఒక మందు

2016 జులైలో పత్రికలన్నీ ఒకే శీర్షిక పెట్టాయి: ఐస్ బకెట్ డబ్బుతో ఏఎల్‌ఎస్ జన్యువు దొరికింది. అనుమానించిన తల్లిదండ్రులు మొదటిసారి వెనక్కి తిరిగి చూసింది అప్పుడే అనుకోవచ్చు. ఆ శీర్షికలో నిజమెంత?

నెక్1 అనే జన్యువులో కొన్ని మార్పులు ఏఎల్‌ఎస్ ముప్పును పెంచుతాయని 11 దేశాలకు చెందిన 80 మందికి పైగా పరిశోధకులు కలిసి తేల్చారు. రోగుల్లో సుమారు 3 శాతం మందిలో ఈ మార్పులు కనిపించాయి. ఇందులో ఒక భాగం ప్రాజెక్ట్ మైన్. నెదర్లాండ్స్‌లో ఇద్దరు ఏఎల్‌ఎస్ రోగుల చొరవతో మొదలైన ఈ పథకం లక్ష్యం కనీసం 15 వేలమంది రోగుల జన్యుపటాలు చదివి, ఆరోగ్యవంతులతో పోల్చడం. ఛాలెంజ్ డబ్బులోంచి దీనికి అందింది పది లక్షల డాలర్లు. ఛాలెంజ్‌కు ముందే ఉన్న, ఇంకా ఎన్నోచోట్ల నుంచి డబ్బు వస్తున్న పని అది. కాబట్టి "బకెట్ కనిపెట్టింది" అనడం అతి. "బకెట్ డబ్బు లేకపోయినా ఇదంతా ఇంతే వేగంగా జరిగేది" అనడానికి కూడా ఆధారం లేదు. వేలకొద్దీ జన్యుపటాలు చదవడమంటే అక్షరాలా డబ్బును బట్టి నడిచే పని, ఒక్కో నమూనాకు ఒక్కో బిల్లు.

రెండో కథ ఇంత తీయగా ముగియలేదు. ఎమిలిక్స్ అనే చిన్న కంపెనీ తయారుచేస్తున్న మందు ప్రయోగాలకు ఏఎల్‌ఎస్ అసోసియేషన్ 22 లక్షల డాలర్లు ఇచ్చింది. 137 మందితో చేసిన తొలి ప్రయోగంలో జబ్బు ముదిరే వేగం కొంత తగ్గినట్టు కనబడింది. 2022 సెప్టెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి రెలివ్రియో పేరుతో అనుమతి ఇచ్చింది. ఏడాదికి ధర సుమారు 1,58,000 డాలర్లు. ఆ తర్వాత 664 మందితో పెద్ద ప్రయోగం నడిచింది. 2024 మార్చిలో ఫలితం వచ్చింది: ఉత్తుత్తి మందు వేసుకున్నవారికీ దీన్ని వేసుకున్నవారికీ తేడా లేదు. మరుసటి నెలలో కంపెనీ మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

దీన్ని చూపించి "చెప్పాం కదా, వృథా" అనేవాళ్లున్నారు. నాకు అది సరైన పాఠంగా తోచదు. మందు పనిచేయదని తేలడం ప్రయోగం విఫలమవడం కాదు, ప్రయోగం తన పని తాను చేయడం. ఇబ్బంది ఉన్నది ఇంకోచోట: చిన్న ప్రయోగం చూసి తొందరపడి అనుమతి ఇవ్వాలా అన్న దగ్గర. కళ్లముందు రోగులు చనిపోతుంటే పెద్ద ప్రయోగం దాకా ఆగమనడం తేలిక కాదు. ఆగకపోతే పనిచేయని మందుకు కుటుంబాలు, బీమా సంస్థలు లక్షలు కడతాయి. ఆ సందిగ్ధానికీ బకెట్‌కూ సంబంధం లేదు.

మొత్తంగా, ఛాలెంజ్ తర్వాత ఆ సంస్థ ఏటా పరిశోధనకు ఇచ్చే నిధులు 187 శాతం పెరిగాయని ఆర్‌టీఐ ఇంటర్నేషనల్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2019లో లెక్కగట్టింది. ఆ నివేదిక రాయించుకున్నది ఏఎల్‌ఎస్ అసోసియేషనే అన్నది గుర్తుంచుకుంటూనే ఈ అంకెను చదవాలి. ఏఎల్‌ఎస్‌కు నయం చేసే మందు ఇప్పటికీ లేదు.

ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గుతుందా?

ఇది ఉన్న విమర్శల్లో గట్టిది. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త విలియం మెకాస్కిల్ 2014 ఆగస్టులోనే ఈ వాదన పెట్టాడు. మనిషి దానానికి కేటాయించే మొత్తం ఇంచుమించు స్థిరం, ఈ నెల ఇక్కడిచ్చినవాడు వచ్చే నెల మలేరియా దోమతెరలకు ఇవ్వడు, పైగా "నా వంతు చేశాను" అన్న తృప్తి తర్వాతి మంచిపనికి అడ్డొస్తుంది అన్నది దాని సారం. దీనికి ఊతంగా చూపేది, అమెరికాలో మొత్తం విరాళాలు దశాబ్దాలుగా జాతీయాదాయంలో దాదాపు 2 శాతం దగ్గరే తచ్చాడుతుండటం.

అవతలి పక్షం ఏమంటుందంటే, 2014లో అమెరికన్ల మొత్తం విరాళాలు 35,838 కోట్ల డాలర్లు, అప్పటికి అదే రికార్డు. నిజమే కానీ ఈ సాక్ష్యం ఎటూ తేల్చదు. 11.5 కోట్లంటే అందులో 0.03 శాతం. అంత సముద్రంలో ఈ చెంబెడు నీళ్లు ఎవరి వాటా తిన్నాయో మొత్తం అంకె చూసి చెప్పడం అసాధ్యం.

ఇంతకంటే పనికొచ్చే ఆధారం బ్రిటన్‌లో విపత్తు సహాయ పిలుపుల మీద జరిగిన ఆర్థిక పరిశోధన. దాతల ఖాతాల్లో వారంవారం కదలికలు చూస్తే, పెద్ద పిలుపు వచ్చినప్పుడు మొత్తం దానం పెరిగింది. మిగతా సంస్థలకిచ్చేది వేరే వారానికి జరిగింది తప్ప తగ్గిపోలేదు. విపత్తుకూ ఛాలెంజ్‌కూ తేడా ఉంది కాబట్టి దీన్ని నేరుగా అతికించలేం. కానీ "దానం కుండ స్థిరం" అన్న మాట మాత్రం అనుకున్నంత గట్టిది కాదు.

మెకాస్కిల్ వాదనలో నిలబడే ముక్క ఇంకొకటుంది: డబ్బు అవసరాన్ని బట్టి వెళ్లలేదు, వినోదాన్ని బట్టి వెళ్లింది. గుండెజబ్బుతో పోలిస్తే ఏఎల్‌ఎస్‌తో చనిపోయేవారు చాలా తక్కువ. దీనికి ఎదురుమాట కూడా ఉంది. రోగులు తక్కువ కాబట్టే మందుల కంపెనీలు అటు చూడవు, అందుకే అక్కడ పడే ప్రతి డాలరూ ఎక్కువ కదిలిస్తుంది. నా మట్టుకు నాకు రెండూ సబబుగానే కనిపిస్తాయి.

పిల్లలకు అలవాటయ్యేది దానమా, ప్రదర్శనా?

తల్లిదండ్రులకు నిజంగా గుచ్చుకునేది ఇది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం దీనికి దగ్గరగా వస్తుంది. ఏదైనా మంచిపనికి పదిమందికీ కనబడేలా చిన్న మద్దతు తెలిపినవారు, అదే మద్దతు ఎవరికీ తెలియకుండా తెలిపినవారికంటే తర్వాత అసలు సాయం అడిగినప్పుడు తక్కువగా ముందుకొచ్చారు. నలుగురిలో మంచివాడనిపించుకోవాలన్న కోరిక మొదటి పనితోనే తీరిపోవడం కారణమని వాళ్ల వివరణ. ఆ పని తమ సొంత విలువలతో ఎలా ముడిపడిందో ఆలోచించేలా చేసినప్పుడు ఆ తేడా తగ్గింది.

కాబట్టి "ఎవరి కోసం చేస్తున్నావు, ఆ జబ్బు ఏమిటి?" అన్న ప్రశ్నకు పిల్లల దగ్గర జవాబు ఉందా లేదా అన్నది చిన్న విషయం కాదు. కెమెరా ముందు ఒక్కమాట కూడా జబ్బు గురించి చెప్పకుండా నీళ్లు పోసుకున్న వీడియోలు 2014లో కోకొల్లలు. రూపం మారినప్పుడు ఈ బరువు కూడా మారుతుంది. ఆ ఆగస్టులోనే హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి మొదలుపెట్టిన రైస్ బకెట్ ఛాలెంజ్‌లో నీళ్లే లేవు. బకెట్ బియ్యం అవసరమైనవారికి ఇచ్చి ఫోటో పెట్టాలి. అంటే ప్రదర్శనా దానమూ ఒకే పని అయిపోయాయి, ఒకటి చేసి రెండోది ఎగ్గొట్టే వీలు లేకుండా. దాని బలహీనత కూడా అక్కడే ఉంది: తీసుకునే మనిషి ముఖం ఫోటోలోకి వస్తుంది.

తప్పు జరిగిన చోట్లు

2014 మార్చిలో బ్రిటన్‌లో మేకప్ లేని సెల్ఫీల ఊపు వచ్చింది. క్యాన్సర్ రీసెర్చ్ యూకేకి ఆరు రోజుల్లో 80 లక్షల పౌండ్లు వచ్చాయి. విరాళానికి "బీట్" అన్న ఆంగ్ల పదాన్ని ఒక నంబరుకు మెసేజ్ చేయాలి. కొందరు "డొనేట్" అని పంపారు, అది యూనిసెఫ్ కోడ్. 18,625 పౌండ్లు అటు వెళ్లిపోయాయి, తర్వాత రెండు సంస్థలూ మాట్లాడుకుని సరిచేసుకున్నాయి. ఇంకొందరి ఫోన్లు "బీట్"ను "బేర్"గా దిద్దేశాయి. మంచు ఎలుగుబంటిని దత్తత తీసుకుంటున్నందుకు ధన్యవాదాలంటూ వన్యప్రాణి సంస్థ నుంచి జవాబొచ్చింది! నవ్వొచ్చే సంగతే కానీ, నిజాయితీగల సంస్థలు కాకపోతే ఆ డబ్బు గతేమిటి?

అంతకు రెండేళ్ల ముందు కోనీ 2012 వీడియో ఒక్క వారంలో దాదాపు పది కోట్లసార్లు చూడబడింది. ఉగాండా సాయుధ ముఠా నాయకుడు జోసెఫ్ కోనీని పట్టించాలన్నది లక్ష్యం. ఏప్రిల్ 20 రాత్రి ఊరూరా పోస్టర్లు అంటించాలన్న పిలుపుకు చాలా నగరాల్లో వచ్చినవారు గుప్పెడే. ఏఎల్‌ఎస్‌తో పోలిస్తే తేడా స్పష్టం. అక్కడ డబ్బును తీసుకుని ఖర్చు చేయగల ప్రయోగశాలలు, ఆసుపత్రులు ముందే ఉన్నాయి. ఇక్కడ చూసినవాళ్లు చేయగలిగిన పని, లక్ష్యాన్ని నిజంగా దగ్గర చేసే పని, ఏదీ లేదు.

నీటి వృథా మాట కూడా చూద్దాం. వీడియోకు పది లీటర్ల చొప్పున 1.7 కోట్ల వీడియోలకు 17 కోట్ల లీటర్లు, అంటే సుమారు 68 ఒలింపిక్ ఈతకొలనులు. ప్రపంచం మొత్తం మీద పంచితే పెద్ద అంకె కాదు. కానీ ఆ ఏడాది కాలిఫోర్నియా తీవ్ర కరువులో ఉంది, అక్కడ అది కంటికి నొప్పిగానే కనబడింది.

ప్రమాదాలు మాత్రం నిజమైనవి. 2014 ఆగస్టులో కెంటకీలోని క్యాంప్‌బెల్స్‌విల్‌లో కాలేజీ బ్యాండు విద్యార్థుల మీద అగ్నిమాపక వాహనం నిచ్చెన మీంచి నీళ్లు పోశారు. పని ముగిశాక నిచ్చెన కరెంటు తీగలకు మరీ దగ్గరగా వెళ్లడంతో నలుగురు సిబ్బంది గాయపడ్డారు, ఒకరు నెల తర్వాత చనిపోయారు. ఇళ్లలో జరిగే దెబ్బలకు కారణం ఇంకా మామూలుది: బరువు. పది లీటర్ల నీళ్లంటే పది కిలోలు. ఐదు మీటర్ల ఎత్తునుంచి పడితే నేల దగ్గరికి వచ్చేసరికి గంటకు సుమారు 36 కిలోమీటర్ల వేగం, అందులో ఐసు గడ్డలు. తల పక్కనుంచి చేత్తో వంపుకునే నీళ్లకూ, మేడ మీంచి ఇంకొకరు కుమ్మరించే నీళ్లకూ ఉన్న తేడా ఇదే. గుండె సమస్య ఉన్నవారికి ఎంత ఎత్తునుంచైనా హఠాత్తుగా తగిలే చల్లదనం వేరే ముప్పు. ఊపిరి ఒక్కసారిగా ఎగబీలుస్తుంది, గుండె వేగం, రక్తపోటు ఎగుస్తాయి.

ఇరవై నాలుగు గంటల ఒత్తిడి

లెక్కలన్నీ సరిపోయాక కూడా తల్లిదండ్రుల అనుమానంలో ఒక భాగం చెక్కుచెదరదు. నామినేషన్ అంటే పదిమంది ముందు పేరు పెట్టి అడగడం. పెద్దవాడైతే నవ్వి ఊరుకోగలడు. పన్నెండేళ్ల పిల్లకు అది అంత తేలిక కాదు. ఎవరూ పేరు చెప్పని పిల్లవాడి బాధ దీనికి రెండో వైపు. వ్యాప్తిని నడిపిన ఇంజినూ, పిల్లల్ని నలిపిన ఒత్తిడీ ఒకటే కాబట్టి, ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేసే ఉపాయం ఎవరికీ దొరకలేదు. పైగా పెద్ద సామాజిక మాధ్యమాలు ఎక్కువగా 13 ఏళ్లలోపు వారికి ఖాతాలే ఇవ్వవు. చిన్నపిల్లల వీడియోలు పెద్దల ఖాతాల్లోంచి బయటికి వెళ్తాయి, ఇంటి ముందు తలుపూ బడి యూనిఫామూ వాటిలో కనబడుతూ.

నియమంలో తప్పుకునే దారి మాత్రం మొదటి నుంచీ ఉంది. అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బరాక్ ఒబామాను 2014లో నామినేట్ చేసినప్పుడు ఆయన నీళ్లు పోసుకోలేదు. వంద డాలర్ల చెక్కు పంపి ఊరుకున్నాడు.